తెర లాగే పని

నాకు ముక్కు మీద కోపమని బడంతా చెప్పుకుంటుంది. అబద్ధమేమీ కాదు. లెక్కలు చెప్పేవాళ్ళకి ఓపిక ఎక్కువుండాలంటారు గానీ, ఉన్న ఓపికంతా తరగతి గదిలోనే ఖర్చయిపోతుంది. శుక్రవారం అసెంబ్లీ దాకా మిగలదు. ప్రతి శుక్రవారం పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కో తరగతి చేత ఒక్కో కార్యక్రమం చేయించడం మా బడిలో ఎప్పటినుంచో ఉంది. హాలు నా అజమాయిషీలో ఉంది కాబట్టి, వేదిక పక్కన స్టూలు వేసుకుని కార్యక్రమం సాంతం భరించాల్సింది నేనే.

ఈ ఏడు మా పెద్ద మేడమ్ ఏదో శిక్షణకి వెళ్ళారు. వస్తూ వస్తూ మూడు అంశాలు వెంటబెట్టుకొచ్చారు. ఆడామగా సమానత్వం, వలస, సామాజిక న్యాయం. "పాటలూ మిమిక్రీలూ ఇక చాలు. పిల్లలు ఆలోచించడం నేర్చుకోవాలి," అన్నారు. మంచి మాటే. కాకపోతే మా బడిలో ఆలోచించడమంటే ఉపన్యాసం ఇవ్వడమనే అర్థం. ఉపన్యాసమంటే ఎవరో రాసింది ఇంకెవరో అరవడం.

మొదటి అంశం పదో తరగతి వాళ్ళకి వచ్చింది. ఇంటి పనైనా బయటి పనైనా అందరిదీ అని నలుగురు అబ్బాయిలు వంతులవారీగా గొంతు చించుకున్నారు. వాళ్ళ వెనక అట్టలకి రంగులు వేసింది అమ్మాయిలు. కుర్చీలు తుడిచింది అమ్మాయిలు. మంచినీళ్ళ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వేదికెక్కింది కూడా అమ్మాయిలే. ఒకడు చెయ్యెత్తి, "ఇకనుంచి ఏ పనికీ ఆడా మగా తేడా లేదు!" అని గర్జించాడు. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి వంగి వాడి ముందు గ్లాసు పెట్టింది. వాడు ఆమె వైపైనా చూడకుండా గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

అంత పెద్ద హాల్లో ఒకే ఒక్క నవ్వు వినిపించింది. పకపకా, దాపరికం లేని నవ్వు. అందరి తలలూ అటు తిరిగాయి. నవ్విన పిల్ల నా తొమ్మిదో తరగతిలోనే ఉంటుంది. పిల్లలూ టీచర్లూ అందరూ కొత్తమ్మాయి అంటారు. వాళ్ళ కుటుంబం వేరే దేశం నుంచి ఇక్కడికొచ్చి మూడేళ్ళు దాటింది. మన భాష మనలో చాలామంది కంటే శుభ్రంగా మాట్లాడుతుంది. అయినా మా బడికి ఆ పిల్ల ఇంకా కొత్తమ్మాయే.

కార్యక్రమం అయ్యాక చెయ్యి పట్టుకుని వేదిక పక్కకి లాక్కొచ్చాను.

"ఏంటా నవ్వు? పెళ్ళి పందిట్లో ఉన్నావా?"

"సారీ మేడమ్. మీరు చూడలేదా? తేడా లేదు తేడా లేదు అని అరిచిన వాళ్ళంతా అబ్బాయిలే, నీళ్ళు మోసిన వాళ్ళంతా అమ్మాయిలే. ఆపుకోలేకపోయాను."

దీపం కింద చీకటంటే ఇదే కదా అని నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వితే కోపానికి విలువేముంటుంది? మొహం బిగించే ఉంచాను. ఆ పిల్ల మాత్రం నా మొహం వైపు చూడటం లేదు. నా వెనక వేలాడుతున్న తాడు వైపు చూస్తోంది.

"మేడమ్, ఒకటడగనా? వచ్చే ఏడాది తెర లాగే పని నాకిప్పించరా?"

ఆ తెర గురించి చెప్పాలి. మా హాలు పాతది, తెర ఇంకా పాతది. మెరూన్ రంగు వెల్వెట్ గుడ్డ, ఇన్నేళ్ళ దుమ్ము పీల్చి పీల్చి బరువెక్కింది. రెండు సగాలుగా తెరుచుకుంటుంది. పైన కప్పీల మీదుగా ఒకే మోకు తిరిగి కిందికొస్తుంది. ఆ మోకుని లాగేది పదో తరగతి పిల్లాడు ఒకడు. బడి వదిలి వెళ్ళేముందు తొమ్మిదో తరగతి నుంచి తన వారసుణ్ణి తనే ఎంచుకుంటాడు. అందులో పెద్ద మేడమ్ కూడా వేలు పెట్టరు. నాయకుడి పదవికి ఓట్లుంటాయి, తెర పనికి ఓట్లుండవు. అందుకేనేమో పిల్లల్లో దానికున్న గౌరవం నాయకుడికి లేదు.

ఈ ఏడాది ఆ పని బస్తాది. మనిషి అలా ఉంటాడని చిన్నప్పుడే తోటివాళ్ళు పెట్టిన పేరు. వాడూ హాయిగా పలుకుతాడు. మాట మాత్రం చాలా పొదుపు. తెర దగ్గరే మోకు ముడి సరిచేస్తూ అంతా విన్నాడు.

"నాకు చెప్పేదేముంది, అన్ననే అడుగు," అన్నాను.

"అన్నా, ప్లీజ్," అంది కొత్తమ్మాయి.

బస్తా ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. "అమ్మాయివి. పైగా కొత్త."

"అంటే రెండు రకాలుగా పనికిరానన్నమాట," అంది ఆ పిల్ల, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా. అయితే వెళ్ళిపోతూ మోకుని ఒక్కసారి చేత్తో తడిమి వెళ్ళింది. నేను చూశాను, బస్తా కూడా చూశాడు.

*

రెండో అంశం, వలస, మా తొమ్మిదో తరగతికి పడింది. పడిందో లేదో తరగతి మొత్తం మెడలు తిప్పి కొత్తమ్మాయి వైపు చూసింది. ఉన్న ఒక్క వలస మనిషీ ఆమే మరి.

మా తరగతిలో కార్యక్రమాలన్నీ నడిపే పిల్లకి కంచు అని పేరు. గొంతు అలాంటిది. పక్క వీధికి వినపడాలన్నా మైకు అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచు తన బృందంతో కొత్తమ్మాయి చుట్టూ చేరింది. నేను జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఓ చెవి అటు వేశాను.

"మీరు పడవలో వచ్చారు కదా?" అంది కంచు.

"లేదే. విమానంలో వచ్చాం. నాకు కిటికీ సీటు రాలేదు, అదొక్కటే."

"యుద్ధం ఏమైనా..."

"మా అమ్మకి ఇక్కడ కళ్ళద్దాల షాపులో ఉద్యోగం వచ్చింది."

"పోనీ వచ్చేటప్పుడు ఏడవలేదా?"

"నేను ఏడవలేదు. మా నాన్న ఏడ్చాడు."

బృందమంతా ముందుకి వంగింది. "ఎందుకు? ఎందుకు?"

"పిల్లిని పక్కింటి వాళ్ళకిచ్చి వచ్చాం. కానీ అదిప్పుడు అక్కడ బాగా లావైందట. ఫోటో పంపారు."

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది వాళ్ళ పని. కంచు తల పట్టుకుంది. "ఒసేయ్, నీ కథకి ఎవరైనా కన్నీళ్ళు పెడతారా? కొంచెం కష్టంగా ఉండాలే! ఇక్కడికొచ్చాకైనా?"

"మా నాన్న ఇంట్లోనే ఉంటాడు, వంట ఆయనదే. అది కష్టమే. ఉప్పు ఎక్కువేస్తాడు."

నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చి కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత వాళ్ళు గుసగుసల్లోకి దిగారు. ఏదో ఒప్పందం కుదిరినట్టుంది, చేతులు కలుపుకున్నారు. నేను పట్టించుకోలేదు.

సంగతి వారం రోజుల్లో తెలిసింది. సాయంత్రం టీచర్ల గదిలోకి ఒకావిడ వచ్చింది. మెడలో షాపు కార్డు ఇంకా వేలాడుతోంది. కొత్తమ్మాయి వాళ్ళమ్మ. కూర్చోమనగానే కూర్చుంది, కూర్చోగానే నా మొహం వైపు తేరిపార చూసింది.

"మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. మీ కళ్ళద్దాలు ఎడమ పక్కకి దిగిపోయాయి. ఒక్క నిమిషం ఇటివ్వండి."

నేను తీసిచ్చేశాను. ఆమె బ్యాగులోంచి చిటికెన వేలంత స్క్రూడ్రైవర్ తీసి మర బిగిస్తూ, ఆ పనిలోంచి తలెత్తకుండానే విషయానికొచ్చింది.

"మా అమ్మాయి అసెంబ్లీలో పడవ కథ చెప్తోందట. ఇంట్లో అద్దం ముందు నిలబడి, చీకట్లో సముద్రం, ఆకలి, ఎవరో తమ్ముడు మునిగిపోవడం, ఒకటే ప్రాక్టీసు. మా ఇంటావంటా పడవెక్కినవాళ్ళు లేరు మేడమ్. దానికి తమ్ముడూ లేడు."

"అయ్యో, నాకు తెలియదమ్మా! రేపే దాని చెవి మెలేస్తాను."

"చెవి మెలేయడానికి కాదు, ఎందుకో కనుక్కోండి. నేనడిగితే చెప్పింది. ఆ కథ చెప్తే, వాళ్ళ లీడరమ్మాయి తరగతంతటి చేత సంతకాలు పెట్టించి, తెర పని దీనికివ్వమని ఆ పెద్దబ్బాయిని అడుగుతుందట." ఆమె నా కళ్ళద్దాలు చీర చెంగుతో కాకుండా ప్రత్యేకమైన గుడ్డతో తుడిచి నా చేతికిచ్చింది. "దానికి ఆ తాడంటే ప్రాణం మేడమ్. దానికోసం ఏమైనా చేస్తుంది. కానీ ఒక్కసారి ఆ కథ చెప్పిందంటే, బడి వదిలేదాకా అందరికీ పాపం పిల్లే. పాపం అనేవాళ్ళు పిలిచి అన్నం పెడతారు గానీ, చేతికి పని ఇవ్వరు. మీ ఊరనే కాదు, ఎక్కడైనా అంతే."

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. ఎంత హాయిగా కూర్చున్నాయో! ఎదురుగా ఉన్న మనిషి స్పష్టంగా కనిపించింది. నాకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. పిల్ల మీద కాదు, కంచు మీద కూడా కాదు. కంచుకి నిజంగానే ఆ పిల్లకి మేలు చేయాలని ఉంది. మేలు చేయడానికి దానికి తెలిసిన దారి అదొక్కటే.

మర్నాడు రిహార్సల్‌లో అందర్నీ నిలబెట్టాను. "పడవ కథ బాగుంది. కంచూ, రాసింది నువ్వే కాబట్టి పాత్ర కూడా నువ్వే వెయ్యి. ఇది కల్పించిన కథ అని ముందే చెప్పు. కొత్తమ్మాయికి స్టేజీ మీద పని లేదు."

కంచు మొహం వికసించింది. అంత పెద్ద ఏడుపు పాత్ర దానికి కలలో కూడా దొరకలేదు. కొత్తమ్మాయి మొహం మాత్రం వాడిపోయింది. ఒప్పందం పోయినట్టే కదా.

అప్పుడు నేను తెర వైపు తిరిగాను. "ఏరా బస్తా, ఈ ఒక్క అసెంబ్లీకి తాడు ఈ పిల్లకిస్తావా?"

"సంతకాలు తేకండి మేడమ్. నాకు నచ్చదు," అన్నాడు వాడు.

"సంతకాలు లేవు, సిఫారసు లేదు. అడుగుతున్నానంతే."

వాడు మోకు ముడి ఇంకోసారి బిగించాడు. "ఈ పని మాట మీద ఇవ్వరు, పని చూసి ఇస్తారు. ఆ రోజు లాగమనండి. ఆ తర్వాత చెప్తాను."

"చెప్తానంటే?"

"బాగుంటే వచ్చే ఏడాది తనే. లేకపోతే ఇంకెప్పుడూ అడగకూడదు."

"సరే అన్నా," అంది కొత్తమ్మాయి నాకంటే ముందు.

*

నేర్పడం బస్తాకి ఇష్టం లేదు, నేర్పకుండా ఉండటం చేతకాదు. మొదటి రోజు ఆ పిల్ల పళ్ళు బిగించి లాగితే తెర ఊగింది తప్ప కదల్లేదు. రెండో ప్రయత్నంలో తెర కదిలింది గానీ పిల్ల వెల్లకిలా పడింది. హాల్లో ఉన్నవాళ్ళంతా, "అయ్యో పాపం, వదిలేయ్, వదిలేయ్," అని పరుగెత్తుకొచ్చారు. బస్తా కదల్లేదు. "చేతుల్తో కాదు. కూర్చో," అన్నాడు. మోకు పట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టు ఒంటి బరువంతా కిందికి వదలాలట. అరచేతులు కందిపోయాయి. వాళ్ళ నాన్న ఏదో నూనె రాశాడని చెప్పింది. ఆయన వంటలో ఎక్కువయ్యే ఉప్పు సంగతేమో గానీ, నూనె మాత్రం పనిచేసినట్టుంది, మర్నాడు మళ్ళీ హాజరు.

లాగడం కంటే ఎక్కడ ఆపాలో తెలియడం కష్టమని అప్పుడే నాకు తెలిసింది. చివరి మాట అయిపోయాక ఒక ఊపిరి పీల్చేంత సేపు ఆగి మూయాలట. ముందే మూస్తే మాట తెగుతుంది, ఆలస్యమైతే వేదిక మీదివాళ్ళు బిక్కమొహాలేసుకుని నిలబడతారు. ఇదంతా బస్తా మూడు ముక్కల్లో చెప్పేవాడు, ఆ పిల్ల ముప్పై ప్రశ్నలేసేది.

అసెంబ్లీ రోజు వచ్చింది. పెద్ద మేడమ్ విద్యాశాఖ నుంచి ఒక అధికారిని ముఖ్య అతిథిగా పిలిచారు. చక్కని మనిషే. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా, జేబులో మడత పెట్టిన రుమాలు. మైకు తీగ పొట్టిది కాబట్టి మాట్లాడేవాళ్ళెవరైనా వేదిక మధ్యలో, తెర గీతకి లోపలే నిలబడాలి. ఆయన్నీ అక్కడే నిలబెట్టాం.

నాటకం బ్రహ్మాండంగా నడిచింది. కంచు లేని తమ్ముడి కోసం ఏడ్చిన ఏడుపుకి ఆరో తరగతి పిల్లలు నిజంగానే వెక్కివెక్కి ఏడ్చారు. తెర సమయానికి తెరుచుకుంది, సమయానికి మూసుకుంది. బస్తా చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. వాడి మొహంలో ఏమీ కనిపించలేదు. వాడి మొహంలో ఎప్పుడూ ఏమీ కనిపించదనుకోండి.

తెర మళ్ళీ తెరిచాక అతిథి లేచారు. వలస గురించి మొదలుపెట్టి, తన చిన్నతనం మీదుగా, పిల్లలు పొద్దున్నే లేవడం వల్ల కలిగే లాభాల దాకా వెళ్ళారు. వెనక బెంచీల్లో తలలు వాలిపోతున్నాయి. ఆరో తరగతిలో ఒకడు నిద్రలోనే పక్కవాడి ఒళ్ళోకి ఒరిగాడు. పెద్ద మేడమ్ చిరునవ్వు అతికించుకుని కూర్చున్నారు. నా చెవుల్లో జోరీగ దూరినట్టుంది. అంతలో ఆయన గొంతు తడిచేసుకుని ఇటు తిరిగారు.

"ఈ బడిలోనే పరాయి దేశం నుంచి వచ్చిన ఒక అభాగ్యురాలు ఉందని విన్నాను. ఎక్కడమ్మా నువ్వు? పాపం, సిగ్గుపడకు తల్లీ. ఇలా నా పక్కకొచ్చి నిలబడు. నీ కష్టాలు నీ నోటితోనే చెప్పు. మేమంతా జాలితో..."

వందల కళ్ళు తెర పక్కకి తిరిగాయి. కొత్తమ్మాయి మోకు పట్టుకుని నిలబడి ఉంది. వెళ్తే ఇన్నాళ్ళూ తప్పించుకున్నదంతా ఒక్క నిమిషంలో నెత్తిన పడుతుంది. వెళ్ళకపోతే మర్యాద తెలియని పిల్లవుతుంది. తెర మూస్తే, అధికారి మాట్లాడుతుండగా తెర మూసినవాడు మా బడి చరిత్రలోనే లేడు. పైగా బస్తా పెట్టిన పరీక్షలో ఇవాళ్టి పొరపాటుకి రెండో అవకాశం లేదు. తాడు కోసం లేని తమ్ముణ్ణి ముంచడానికి సిద్ధపడిన పిల్ల అది.

ఆ పిల్ల నా వైపు చూడలేదు, బస్తా వైపూ చూడలేదు. అతిథి మాట ముగిసేదాకా ఆగింది. ఒక ఊపిరి పీల్చుకుంది. కూర్చుంది.

తెర సరసరా వచ్చి ఆయన్ని మింగేసింది. తర్వాత చప్పట్లు! బెంచీలు చరిచారు, ఈలలు వేశారు, నిద్రపోతున్నవాడు కూడా లేచి ఎందుకో తెలియకుండానే కొట్టాడు. తెర వెనక మైకు ఇంకా పనిచేస్తోంది. "చూశారా, పిల్లలు ఎంత కదిలిపోయారో! సమయం చాలక ఆపాను గానీ," అన్న ఆయన గొంతు హాలంతా వినిపించింది. దాంతో చప్పట్లు రెట్టింపయ్యాయి.

పెద్ద మేడమ్ ఉరుముకుంటూ నా దగ్గరికొచ్చారు. "ఎవరు మూయమన్నారు?"

"నేనే సైగ చేశాను," అన్నాను. పచ్చి అబద్ధం. కోపిష్టిదాన్నని పేరుండటంలో ఒక సుఖముంది, ఎదుటివాళ్ళు రెండో ప్రశ్న వేయరు. ఆమె నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, "సరే, ఆయనకి టీ పంపించండి," అని వెళ్ళిపోయారు. ఆమె నడకలో కూడా కాస్త హుషారు కనిపించింది.

హాలు ఖాళీ అయింది. పిల్లలు పోతూ పోతూ కొత్తమ్మాయికి చేతులూపారు. కంచు వచ్చి వాటేసుకుని, "పాపం, నీకెంత కష్టమైందో! అయినా ఎంత బాగా చేశావే!" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. ఆ పిల్ల తల ఊపిందే గానీ కళ్ళన్నీ బస్తా మీదే ఉన్నాయి. వాడింకా గోడ వదల్లేదు. నేనూ కదల్లేక స్టూలు మీదే కూర్చుండిపోయాను.

బస్తా మెల్లగా వచ్చి తెర అంచు పట్టుకుని చూశాడు.

"ఎడమ సగం వెనకబడింది. చూశావా?"

"చూశాను."

"చూసి కూడా సర్దలేదేం?"

"సర్దుతూ కూర్చుంటే ఆయన ఇంకో మాట మొదలెట్టేవాడన్నా!"

"మొదలెట్టనీ. రెండు సగాలూ ఒకేసారి కలవాలి. తెర అంటే అది. ఇలా లాగితే కప్పీ అరిగిపోతుంది. రేపు ఎవరు మారుస్తారు, మీ తాతా?"

"అరిగింది నా వల్ల కాదు! ముందునుంచే గీసుకుంటోంది. నువ్వు నూనె ఎప్పుడేశావసలు?"

బస్తా తలెత్తి పైన కప్పీ వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సోమవారం వేద్దాం," అన్నాడు. "నిచ్చెన నువ్వే తెచ్చుకో. ఎవరూ మోసిపెట్టరు. ఆలస్యంగా వస్తే ఊరుకోను. వచ్చే ఏడాదంతా నీ నెత్తినే కదా ఇది, ఇప్పటినుంచే నేర్చుకో."

మూడేళ్ళలో ఆ పిల్లని చేసిన పని గురించి ఈ బడిలో ఒకరు తిట్టగా నేను చూడటం అదే మొదటిసారి. ఏ పని చేసినా బాగుందనడమే మా అందరికీ అలవాటు. ఆ తిట్టు తిని అది నవ్విన నవ్వు చూసి నా కళ్ళు చెమర్చాయి. సంతోషంతోనే. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే, ఆ పిల్ల అప్పుడే నిచ్చెన ఎక్కడుంటుందని అడుగుతోంది. వెతుక్కోమన్నాడు బస్తా. అది వాడి మీద చిరాకు పడుతూ, సామాన్ల గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.